మూడంతస్తుల హ్యామ్‌స్టర్ పంజరం: ఐదు నెలల వాడకం తరువాత

బరంపురంలోని పెంపుడు జంతువుల దుకాణాలలో ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువైన హ్యామ్‌స్టర్‌కు గూడు కావాలని అడిగితే సాధారణంగా ఒకే రకం పంజరం చూపిస్తారు. అడుగున గులాబీ రంగు ప్లాస్టిక్ పళ్ళెం, దాని మీద సన్నని ఇనుప ఊచలు, లోపల రెండు అరలు, వాటికి నిచ్చెనలు, ఒక చిన్న చక్రం, ఒక నీళ్ళ సీసా. గత నవంబరులో మా అమ్మాయి పట్టుదల వల్ల 1,850 రూపాయలు పెట్టి మేము కొన్నదీ అదే. దుకాణం పేరు రాయడం లేదు. ఊళ్ళో అందరూ అమ్ముతున్న సరుకుకు ఒక్కరిని తప్పుపట్టడం న్యాయం కాదు. "ఇంత జీవానికి మూడంతస్తుల మేడ చాలదా, ఆజ్ఞా (ఒడియాలో 'అయ్యా')?" అని యజమాని అన్నప్పుడు మాకూ సబబుగానే తోచింది.

ఇంటికి వచ్చాక టేపు పెట్టి కొలిస్తే అడుగు భాగం 47 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు తేలింది. జర్మనీలో జంతు సంక్షేమం కోసం పనిచేసే పశువైద్యుల సంఘం ఒక్క హ్యామ్‌స్టర్‌కు కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉన్న గూడు ఉండాలని సూచిస్తుంది. అంటే మేము కొన్న మేడ నేల అందులో మూడో వంతు కూడా లేదు. అంతస్తులు ఆ లోటును పూడ్చవు, ఎందుకంటే హ్యామ్‌స్టర్ ఉడుతలా ఎక్కి దిగే జంతువు కాదు. నేల మీద పరుగెత్తుతుంది, నేలలోకి తవ్వుకుంటుంది. ఎత్తును అంచనా వేసే చూపు దానికి సరిగా లేదు. మా హ్యామ్‌స్టర్ బుజ్జి రెండో వారంలోనే పై అర అంచు దాటి నడిచి కింద పడింది. అదృష్టవశాత్తూ దెబ్బ తగలలేదు. మరునాడే రెండు అరలూ ఊడదీసేశాము. మేడ కాస్తా ఒంటి గది అయింది.

అసలు ఇబ్బంది రాత్రిళ్ళు మొదలైంది. పదకొండు దాటగానే మూల ఊచను పట్టుకుని కటకట కొరకడం, తెల్లవారుజాము దాకా అదే పని. ఎప్పటికీ పెరుగుతూనే ఉండే పళ్ళు కదా, అరగదీసుకుంటున్నదని మొదట సరిపెట్టుకున్నాము. జనవరి నాటికి ముక్కు పైభాగంలో బొచ్చు ఊడి, బియ్యపు గింజంత నున్నటి మచ్చ కనిపించింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ అలవాటు మీదనే పరీక్షలు జరిపి 2006లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని గూళ్ళలో 10 సెంటీమీటర్లు, కొన్నింటిలో 40, మరికొన్నింటిలో 80 సెంటీమీటర్ల లోతున పొట్టు పోసి చూస్తే, లోతు తక్కువగా ఉన్నచోట ఊచలు కొరకడం ఎక్కువగా కనిపించింది. లోతుగా ఉన్నచోట అవి సొరంగాలు తవ్వుకున్నాయి. మేము కొన్న పంజరం పళ్ళెం లోతు 5 సెంటీమీటర్లు. అంతకు మించి పొట్టు పోస్తే ఊచల సందుల్లోంచి నేల మీదికి రాలుతుంది.

చక్రం సంగతి వేరే చెప్పాలి. దాని వ్యాసం 14 సెంటీమీటర్లు, తొక్కేచోట పలకకు బదులు తీగలు. మా బుజ్జిలాంటి సిరియన్ జాతి హ్యామ్‌స్టర్ పెరిగితే దాదాపు జానెడు పొడవు ఉంటుంది. అంత చిన్న చక్రంలో అది విల్లులా వీపు వంచి పరుగెత్తవలసి వస్తుంది, కాలు తీగల మధ్య ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. ఈ జాతికి 28 సెంటీమీటర్ల వ్యాసంతో, సందులు లేని చక్రం కావాలి. ఊచల మధ్య దూరం మాత్రం ఈ పంజరంలో సరిగానే ఉందని ఒప్పుకోవాలి: 1 సెంటీమీటరు, సిరియన్‌కు చాలు. మరుగుజ్జు జాతులకైతే 7 మిల్లీమీటర్లు దాటకూడదు, లేకపోతే తల దూర్చి బయటికి వచ్చేస్తాయి.

గోపాల్‌పూర్ సముద్రం మా ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందువల్ల ఇనుము ఇక్కడ నిలవదు. దానికి మూత్రం తడి కూడా తోడై, నాలుగో నెలలో పళ్ళెం అంచును ఆనుకున్న ఊచల మీద రంగు పెచ్చులుగా లేచి తుప్పు బయటపడింది. ఆ పెచ్చులను బుజ్జి నోట పెట్టుకోవడం చూసిన రోజే పంజరం మార్చాలని నిర్ణయించుకున్నాము. సలహాకు వెళితే, ఒంటరిగా ఉండి దిగులు పడుతోందని, ఇంకొకదాన్ని జతగా తీసుకెళ్ళమని అదే దుకాణంలో చెప్పారు. సిరియన్ హ్యామ్‌స్టర్ ఎదిగాక ఒంటరిగా బతికే జంతువు. ఒకే గూటిలో రెండింటిని ఉంచితే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. ఈ ఒక్క సలహాను మాత్రం నేను క్షమించలేకపోతున్నాను.

ఏప్రిల్‌లో చేపల తొట్లు కట్టే ఒక అద్దాల పనివాడి చేత 100 × 50 × 50 కొలతతో 6 మిల్లీమీటర్ల గాజు తొట్టి చేయించాము. పైన మూతగా చెక్క చట్రానికి బిగించిన ఇనుప జల్లెడ. మొత్తం 4,200 రూపాయలు అయింది. గాజు బరువే సుమారు 30 కిలోలు కనుక ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి, తరువాత జరపడం ఒక్కరి వల్ల కాదు. ఒక సగంలో 25 సెంటీమీటర్లు, మరో సగంలో 10 సెంటీమీటర్ల లోతున అచ్చు పడని కాగితపు పొట్టు నింపి, సొరంగాలు కూలకుండా మధ్యమధ్య ఎండుగడ్డి పరిచాము. పెద్ద చక్రాన్ని లోతు తక్కువ ఉన్న వైపు, నేలకు ఆనిన చెక్క పీట మీద పెట్టాలి. పొట్టు మీదే పెడితే కింద తవ్వేసి పడగొట్టుకుంటుంది. సిరియాలో సహజంగా, స్వేచ్ఛగా బతికే హ్యామ్‌స్టర్ల బొరియలు సగటున 65 సెంటీమీటర్ల లోతున ఉంటాయని క్షేత్ర పరిశీలనలో తేలింది. దానితో పోలిస్తే మా 25 తక్కువే. అయినా మొదటి రాత్రే బుజ్జి గాజు వెంబడి సొరంగం తవ్వుకుంది. లోపల బుగ్గల సంచులు ఖాళీ చేసి పొద్దుతిరుగుడు గింజలు పేర్చుకోవడం మా అమ్మాయి టార్చి వేసి చూసింది. కొరుకుడు ఆగింది. ముక్కు మీద బొచ్చు తిరిగి రావడానికి నెల పట్టింది.

గాజు తొట్టికి లోపాలు లేవని కాదు. గాలి పై నుంచే ఆడాలి, మే నెల ఉక్కకు ఇది చిన్న విషయం కాదు. కరెంటు పోయిన మధ్యాహ్నాలలో గడ్డకట్టిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి తొట్టి బయట గాజుకు ఆనించి పెట్టాము, లోపల పడుకోవడానికి ఒక టైల్సు ముక్క వేశాము. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర గాజు తొట్టిని అసలు పెట్టకూడదు. దాచుకున్న గింజలకు చీమలు కూడా పట్టాయి. మా అమ్మమ్మ పాల బీరువా కాళ్ళకు పెట్టినట్టే బల్ల నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాక వాటి బెడద తప్పింది.

గాజు తొట్టికి అయిదింట నాలుగు మార్కులు వేస్తాను, మూడంతస్తుల పంజరానికి ఒకటి. ఆ ఒక్క మార్కు గాలి బాగా ఆడుతుందని: ప్రస్తుతం మా వంటింట్లో దాని నిండా ఉల్లిపాయలు ఉన్నాయి, ఒక్కటీ కుళ్ళలేదు.