వెలిసిన టేకు తలుపు: అవిసె నూనె మేలా, వార్నిష్ మేలా?

పడమటి ఎండకు, జడివానకు టేకు తలుపు బూడిదరంగుకు తిరిగిందంటే పైపొరలోని లిగ్నిన్‌ను, అంటే చెక్క నారల్ని పట్టి ఉంచే పదార్థాన్ని, ఎండ తినేసిందన్నమాట. నూనె పెట్టినా, వార్నిష్ వేసినా ముందు ఆ చచ్చిన పొర పోవాలి. 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120, 180 దాకా చెక్క చారల వెంబడే రుద్దాలి. తడి పూర్తిగా ఆరాకే తర్వాతి పని.

అవిసె నూనె చెక్కలోకి ఇంకుతుంది, పైన మందపు పొరలా నిలబడదు. అందుకే పెచ్చులూడదు, వెలిసినప్పుడు తుడిచి మరో పూత పూస్తే సరి. కానీ ఎండను ఆపే శక్తి తక్కువ, వానాకాలంలో బూజూ పడుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు: నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

వార్నిష్ మెరుపే వేరు. యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాల) నిరోధకం ఉన్న, బయటి వాడకపు పాలియురేథేన్ రకం వార్నిష్ అయితే నూనెకన్నా ఎక్కువకాలం కాస్తుంది. చిక్కంతా అది పగిలాకే: నీరు పొర కిందికి దూరి నల్లమచ్చలు తెస్తుంది, అప్పుడు మొత్తం గీకాల్సిందే. షాపులో ఇంటీరియర్ డబ్బా చేతిలో పెడితే తీసుకోకండి, లేబుల్ చదవండి.

వసారా నీడనున్న తలుపుకైతే నేను వార్నిషే వేస్తాను. నేరుగా ఎండ తగిలే గేటుకు, పెరటి బల్లకు నూనే, వెలిసినా గీకకుండా మరో పూత పూయొచ్చు కాబట్టి.