గ్రాంప్స్‌తో ఆరేళ్ళు: మా వంశవృక్షం, మా జేజి చెప్పిన కథలు

మా జేజి (నాయనమ్మ) నోట చిన్నప్పటి నుంచి విన్న మాట ఇది: "గండికోట పడిన్నాడు మనోళ్ళు రాత్రికి రాత్రి పెన్న దాటి వచ్చినారంట. అప్పటికీ ఇప్పటికీ ఏడు తరాలు." జమ్మలమడుగు పక్కన ఉన్న మా ఊళ్ళో ఈ కథ తెలియనివాళ్ళు లేరు. 2019లో జేజి మంచం పట్టినప్పుడు, ఈమె పోతే ఇవన్నీ పోతాయని భయం వేసింది. నోటు పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాను. నాలుగు పేజీలు నిండేసరికి అంతా గందరగోళమైంది. మా వంశంలో ఓబులేసులే నలుగురు. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కాబట్టి తరం విడిచి తరం అదే పేరు వస్తుంది. అక్క కూతుర్ని చేసుకున్నవాళ్ళు ముగ్గురు. గీతలు ఎటు గీసినా ఒకదాని మీద ఒకటి పడేవి.

అప్పుడే గ్రాంప్స్ గురించి తెలిసింది. వంశవృక్షాలు రాసుకోవడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో పనిచేస్తుంది. మనం రాసిందంతా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఎవరి సర్వర్‌కూ పోదు. ఇంటి విషయాలు బయటికి పోకూడదని మా నాయన పట్టుబట్టాడు కాబట్టి నాకు ఇదే నచ్చింది. ఇప్పుడు అందులో 412 మంది ఉన్నారు.

పేర్లు తెలుగులోనే ఎక్కించాను. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత చూపిస్తుంది కాబట్టి మన పద్ధతికి సరిపోయింది. ఆడవాళ్ళకు పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ విడివిడిగా రాసుకోవచ్చు. మేనరికాలకు కూడా ఇబ్బంది లేదు. ఒకే మనిషి మేనమామగానూ భర్తగానూ ఉన్నా మనిషిని ఒక్కసారి ఎక్కిస్తే చాలు. చార్టు తీస్తే మాత్రం ఆ మనిషి తల్లిదండ్రులు రెండు చోట్ల కనిపిస్తారు. మొదట తప్పు చేశానేమో అని టెన్షన్ పడ్డాను. తప్పేమీ లేదు, మన సంబంధాలే అలా కలుస్తాయి.

తేదీల దగ్గర చాలా కష్టపడ్డాను. మా పెద్దవాళ్ళెవరికీ పుట్టిన తేదీ తెలియదు. "ధాత కరువుకు ముందు", "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అనే చెబుతారు. "ముందు", "తర్వాత", "సుమారు", "ఈ రెండేళ్ళ మధ్య" అని రాసే వీలు గ్రాంప్స్‌లో ఉంది. హీబ్రూ, ఇస్లామిక్, పర్షియన్ క్యాలెండర్లు కూడా ఉన్నాయి. మన ప్రభవ, విభవ సంవత్సరాలు మాత్రం లేవు. వాటిని మనమే లెక్కగట్టాలి, ఆ లెక్కలో నేను పెద్ద పొరపాటు చేశాను. మా చిన్నతాత తన అన్న ధాత సంవత్సరంలో పుట్టాడన్నాడు. ధాత అనగానే రాయలసీమలో ఎవరికైనా 1876-78 కరువే గుర్తొస్తుంది. 1876 అని కొట్టేశాను. డేటాలో పొరపాట్లు వెతికే పనిముట్టు నడిపితే, తల్లి కంటే కొడుకు 36 ఏళ్ళు ముందు పుట్టాడని చూపించింది. అరవై ఏళ్ళకు ధాత మళ్ళీ 1936లో వచ్చింది కదా! ఆ రోజు నుంచి సంవత్సరం పేరు చెప్పినవాళ్ళను ఇంకో ప్రశ్న అడుగుతున్నాను: అప్పటికి ఎవరెవరు బతికున్నారు?

ఇక నేను ఈ సాఫ్ట్‌వేర్‌కు రుణపడిన విషయం వేరే ఉంది. ప్రతి సంగతికీ ఆధారం రాసే చోటు, ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే చోటు ఇందులో ఉన్నాయి. చాలా తక్కువ నుంచి చాలా ఎక్కువ వరకు ఐదు మెట్లు. మొదటి ఏడాది వాటిని ఖాళీగా వదిలేశాను. ఎవరు చెప్పారో రాయకుండా మూడు వందల మందిని ఎక్కించాను. రెండో ఏడాది మా పెద్దమ్మ ఒకటి, మా మేనత్త ఇంకొకటి చెబితే, పాత మాట ఎవరిదో నాకే గుర్తు లేదు. అప్పటికి జేజి లేదు. ఫోన్‌లో రికార్డు చేసిన ఆమె గొంతు, దాదాపు నలభై నిమిషాలది, ఫోన్ పాడైనప్పుడు పోయింది. కాపీ పెట్టుకోలేదు. ఇప్పటికీ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. మొదలుపెట్టేవాళ్ళకు చేతులు పట్టుకుని చెబుతున్నాను: రికార్డు చేసిన రోజే ఇంకో చోట దాచండి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఆ రోజే రాయండి.

గండికోట కథను ఈ పద్ధతిలోనే పరీక్షించాను. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో గండికోట పడింది సుమారు 1650లో. నేను పుట్టింది 1975లో. తరానికి 25, 27 ఏళ్ళు వేసుకున్నా పన్నెండో పదమూడో తరాలు కావాలి. ఏడు తరాలు వెనక్కి పోతే 1790 దగ్గరే ఆగిపోతాం. ఈ లెక్క చెబితే మా చిన్నాయన నొచ్చుకున్నాడు. "అంటే జేజి అబద్ధం చెప్పిందా?" అన్నాడు. లేదు చిన్నాయనా, మన మాటల్లో ఏడు తరాలంటే లెక్క కాదు, చాలా కాలం అని అర్థం అన్నాను. ఆ కథ ఇప్పటికీ నా ఫైల్‌లో జేజి పేరుతో, ఆమె మాటల్లోనే ఉంది. నమ్మకం దగ్గర "చాలా తక్కువ" అని పెట్టాను. కొట్టెయ్యలేదు.

చెరువు కథ దీనికి పూర్తిగా భిన్నం. ఊరి చెరువు కట్ట తెగితే మా వాళ్ళలో ఒకాయన ఎద్దులు అమ్మి కట్టించాడని చెప్పేవాళ్ళు. ఇలాంటి కథ ప్రతి ఊళ్ళో ఉంటుంది కదా అని పక్కన పెట్టాను. తర్వాత దశబంధం ఇనాముల గురించి చదివాను. చెరువో బావో కట్టించి, మరమ్మతు బాధ్యత మోసేవాళ్ళకు భూమి ఇచ్చేవాళ్ళు. దత్త మండలాల్లో, అంటే మా రాయలసీమ వైపు, ఇవి చాలా ఉండేవి. 1858లో బ్రిటిషువాళ్ళు మొదలుపెట్టిన ఇనాం కమిషన్ వీటన్నిటినీ విచారించి రిజిస్టర్లు రాసింది. మొదట ఎవరికి ఇచ్చారు, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉంది అన్న వివరాలు వాటిలో ఉంటాయి. మా ఊరి పేజీ నకలు కోసం ఒక కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. మొదటిసారి లేదన్నారు, మూడోసారి దొరికింది. చెరువు కింద దశబంధం, పక్కన మా పెద్దోబులేసు పేరు, మా ఇంటిపేరు! జేజి చెప్పిన వరుసతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఆఫీసు వరండాలోనే కూర్చుండిపోయాను. ఎద్దుల సంగతి మాత్రం రిజిస్టర్‌లో లేదు. అందుకే చెరువుకు "చాలా ఎక్కువ", ఎద్దులకు "తక్కువ".

పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కల సంవత్సరాలు, కనిపిస్తాయి. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860-61. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికీ వెళ్ళాను. కంపెనీ కాలం నాటి అధికారి మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు (ఊళ్ళ వివరాలు) చదివితే ఊళ్ళ చరిత్ర, గుళ్ళు, చెరువులు తెలుస్తాయి. మామూలు రైతు కుటుంబాల పేర్లు దొరుకుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. క్రైస్తవ కుటుంబాలకు చర్చిల్లో బాప్తిస్మం రిజిస్టర్లు ఉంటే అది పెద్ద అండ.

డబ్బు కట్టి వంశవృక్షాలు వెతుక్కునే ఒక వెబ్‌సైట్‌లోనూ ఏడాది చేరాను. మా జిల్లాకు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్షలో మా మూలం "దక్షిణ భారతం" అని వచ్చింది. అది చెప్పడానికి వాళ్ళెందుకు?

ఇంకో కష్టం ఉంది, దీనికి ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు. తాతల పేర్లు అడుగుతుంటే, వీడు పొలంలో భాగానికి వస్తున్నాడని ఇద్దరు దాయాదులు అనుకున్నారు. తర్వాత నుంచి చార్టు ప్రింటు తీసి ముందు వాళ్ళ చేతికిచ్చి, ఆ తర్వాతే అడుగుతున్నాను. బతికున్నవాళ్ళ వివరాలు వదిలేసి ఫైల్ ఇచ్చే వీలు ఉంది. దాన్ని తప్పకుండా వాడండి.

ఆరేళ్ళ తర్వాత కూడా నన్ను బాధపెట్టేది ఆడవాళ్ళ గళ్ళు. నాలుగో తరం దాటితే మగవాళ్ళ పేర్లే ఉన్నాయి. ఇనాం రిజిస్టర్‌లో లేరు, పట్టాల్లో లేరు, చెప్పేవాళ్ళ నోట్లోనూ "ఆయన పెండ్లాం" అనే వస్తుంది. చెరువు కట్టించినాయన భార్య గడిలో పేరు లేదు. కింద జేజి చెప్పిన ఒక్క వాక్యం రాసి పెట్టాను: "పొట్టి మనిషంట, కట్ట మీద మట్టి మోస్తా పాటలు పాడేదంట."