వెలుగుతోంది కదా అని ఉంచేసుకోకండి: బయటి కంపెనీ టెయిల్ లైట్లతో జాగ్రత్త

కారు టెయిల్ లైట్ పగిలిందనో, అద్దం మసకబారిందనో ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ సెట్టు తెప్పించుకునేవాళ్లు ఆర్డరు పెట్టేముందు ఇది చదవండి. ఇలాంటి సెట్లతో చాలామందికి ఒకే తీరున దెబ్బ తగులుతోంది. బిగించి స్విచ్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది. బ్రేకు తొక్కితే ఇంకాస్త వెలుగుతుంది. బాగానే ఉందనుకుని పెట్టె పక్కన పడేస్తారు. వెనక వచ్చే బండివాడికి మాత్రం ఆ "ఇంకాస్త" కనపడదు. ఆ సంగతి మనకు తెలిసేసరికి రిటర్న్ గడువు అయిపోతుంది.

అసలు ఆ తేడా ఎంత ఉండాలి? ఎల్‌ఈడీలు రాకముందు నుంచీ చాలా కార్లలో పార్కింగ్‌కీ బ్రేకుకీ కలిపి పీ21/5డబ్ల్యూ అనే ఒకే బల్బు వాడుతున్నారు. అందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి 5 వాట్లది, ఇంకొకటి 21 వాట్లది. ప్రమాణం ప్రకారం చిన్న ఫిలమెంటు కాంతి సుమారు 35 ల్యూమెన్లు, పెద్దదానిది సుమారు 440. అంటే బ్రేకు తొక్కగానే వెలుగు పన్నెండు రెట్లు దాటుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ముందు బండి ఆగుతోందని తెలుస్తుంది. చవక ఎల్‌ఈడీ సెట్లు చేసేవాళ్లు పార్కింగ్ లైటునే ధగధగలాడేలా పెడతారు, ఫోటోలో అదే అందంగా పడుతుంది కాబట్టి. ఇక బ్రేకు తొక్కినప్పుడు పెరగడానికి ఏం మిగలదు. కొన్నిట్లో రెట్టింపు కూడా కాదు. రాత్రి అయితే ఆ కారు ఎప్పుడూ బ్రేకు వేసినట్టే ఉంటుంది, లేదా ఎప్పుడూ వేయనట్టే ఉంటుంది. రెండూ ప్రమాదమే.

దీన్ని కంటితో చూసి తేల్చుకోకండి, కన్ను సర్దుకుపోతుంది. ఫోన్ కెమెరా కూడా వెలుగు పెరిగితే తనంతట తాను తగ్గించుకుంటుంది. అందుకే పగటిపూట కారు వెనక పది అడుగుల దూరంలో ఫోన్‌ని కదలకుండా నిలబెట్టి, తెర మీద లైటు ఉన్నచోట వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. పార్కింగ్ లైటుతో ఒక ఫోటో, ఒకరిని బ్రేకు తొక్కమని ఇంకో ఫోటో. పక్కపక్కన పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. ఒకవైపు పాత లైటు ఇంకా పనిచేస్తుంటే రెండో వైపు మాత్రమే కొత్తది తగిలించి పోల్చుకుంటే మరీ మంచిది.

మొత్తం సెట్టు కాకుండా పాత లైటులోనే ఎల్‌ఈడీ బల్బు వేసేవాళ్లకు ఇంకో ఇబ్బంది. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ పెట్టకండి. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, ఎరుపు తక్కువ. ఎర్ర అద్దం ఆ నీలాన్నంతా మింగేస్తుంది, బయటికి వచ్చేది కొద్దిగా. కొన్ని అద్దాల్లోంచి గులాబీ రంగులో కూడా వస్తుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్‌ఈడీయే వేయాలి. పైగా లోపలి గిన్నె ఫిలమెంటు ఉండే చోటును లెక్కలో పెట్టుకుని చేసింది. బల్బులో వెలిగే చుక్క అటూ ఇటూ జరిగితే మధ్యలో మెరిసి అంచులు చీకటిగా ఉండిపోతాయి.

రిఫ్లెక్టర్ లేకపోవడం ఇంకా పెద్ద లోపం, చాలామంది గమనించనిది కూడా ఇదే. కంపెనీ లైటులో గళ్లుగళ్లుగా ఉండే ఎర్ర భాగం అలంకారం కాదు. కారు ఆగిపోయి, బ్యాటరీ చచ్చి, రోడ్డు పక్కన చీకట్లో ఉన్నప్పుడు వెనక బండి హెడ్‌లైట్ కాంతిని తిరిగి పంపేది అదొక్కటే. నల్లటి పొగరంగు సెట్లలో దాన్ని ఎత్తేస్తారు, లేదా అదే ఆకారంలో మామూలు ప్లాస్టిక్ పెడతారు. రాత్రి కారు లైట్లన్నీ ఆర్పి, పది పదిహేను అడుగులు వెనక్కి వెళ్లి, టార్చిని కంటి పక్కనే పట్టుకుని వేయండి. చెయ్యి చాపి పట్టుకుంటే ఈ పరీక్ష కుదరదు, ఎందుకంటే రిఫ్లెక్టర్ కాంతిని వచ్చినవైపే పంపుతుంది. నిజమైనదైతే నిప్పులా మెరుస్తుంది. కారు బంపరులో విడిగా రిఫ్లెక్టర్లు ఉంటే పరవాలేదు. లేకపోతే ఆ సెట్టు వెనక్కి పంపేయండి.

అద్దం మీది గుర్తులు చదవడం రెండు నిమిషాల పని. వలయంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఏ దేశం ఆమోదించిందో చెబుతుంది. ఉదాహరణకి 1 జర్మనీ, 4 నెదర్లాండ్స్. చాలామంది అంతవరకే చూసి ఆగిపోతారు. అసలు చూడాల్సింది దాని దగ్గరుండే అక్షరాలు: ఆర్ అంటే పార్కింగ్ లైటు, ఎస్ బ్రేకు, 2ఏ వెనక ఇండికేటర్, ఏఆర్ రివర్స్, ఎఫ్ ఫాగ్, ఐఏ రిఫ్లెక్టర్. అక్షరాల పక్కన అంకెలు కూడా ఉండొచ్చు. వలయం ఉండి ఈ అక్షరాలేవీ లేకపోయినా, ప్లాస్టిక్‌లో అచ్చు కాకుండా స్టిక్కరులా అతికించి ఉన్నా నమ్మకండి.

ఇక ఇండికేటర్. పాత 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎల్‌ఈడీ అందులో కొద్ది భాగమే తీసుకుంటుంది. దాంతో బల్బు పోయిందనుకుని కారు ఇండికేటర్‌ని టకటకా వేగంగా కొట్టిస్తుంది. దీనికి మందుగా సెట్టుతోపాటు, పాత బల్బంత కరెంటు లాగేందుకు రెండు రెసిస్టర్లు పంపుతారు, సాధారణంగా 6 ఓమ్‌లవి. ఇంజను నడుస్తూ 13.5 వోల్టులు ఉన్నప్పుడు ఒక్కొక్కటి దాదాపు 30 వాట్ల వేడి పుట్టిస్తుంది, ముట్టుకుంటే కాలుతుంది. దాన్ని డిక్కీ కార్పెట్ వెనక, వైర్ల కట్టకి టేపుతో చుట్టి వదిలేస్తే కరిగేది మొదట వైర్లే. పెట్టక తప్పదంటే బాడీ ఇనుప రేకు మీద స్క్రూలతో బిగించాలి, వైర్లకి, ప్లాస్టిక్‌కి దూరంగా. ఇండికేటర్‌ని కొట్టించే ఫ్లాషర్ రిలే విడిగా ఉన్న కార్లలో ఎల్‌ఈడీకి సరిపోయే రిలే మార్చడం అంతకంటే మేలు.

కొనేముందు అసలు కొనాలా అన్నది కూడా చూసుకోండి. చాలాసార్లు జబ్బు లైటులో ఉండదు. పై మూడో బ్రేకు లైటుతో సహా మూడూ వెలగకపోతే ఫ్యూజు గానీ పెడల్ దగ్గరి బ్రేకు స్విచ్ గానీ చూడండి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, పార్కింగ్ లైటు తగ్గిపోవడం లాంటి వింతలు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌ని. కరెంటు ఎర్త్ దొరక్క పక్క ఫిలమెంటు గుండా తిరిగి వెళ్తోందన్నమాట. లైట్లు వేసి, బ్రేకు తొక్కించి, మల్టీమీటర్ ఒక కొనని హోల్డర్ ఎర్త్ పిన్నుకి, రెండోది బాడీ మీద గీకిన శుభ్రమైన ఇనుముకి పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు. ఆ బోల్టు విప్పి తుప్పు గీకి మళ్లీ బిగిస్తే చాలు, సెట్టు అక్కర్లేదు. అలాగే రెండు ఫిలమెంట్ల బల్బు హోల్డర్లో ఎవరైనా ఒక్క ఫిలమెంటుది బలవంతంగా దూర్చారేమో చూడండి. దాని అడుగు కొన రెండు కాంటాక్టుల్నీ కలిపేస్తుంది, బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లూ డాష్‌బోర్డూ కూడా వెలుగుతాయి.

సెట్టు వచ్చాక పెట్టె తెరవడం నుంచే వీడియో తీయండి. బిగించకముందే కప్లర్‌కి (కారు వైర్లు కలిపే ప్లగ్గుకి) తగిలించి, పార్కింగ్, బ్రేకు, ఇండికేటర్, రివర్స్ ఒక్కొక్కటీ, తర్వాత రెండేసి కలిపీ చూడండి. కప్లర్ సరిపోకపోతే వైరు కోసి అతికించకండి. కోసిన క్షణమే రిటర్న్ హక్కు పోతుంది, ఆ అతుకులు తర్వాత తడిసి తుప్పు పడతాయి. అద్దం మీది పల్చటి ప్లాస్టిక్ పొర కూడా పరీక్షలన్నీ అయ్యాకే పీకండి.

బిగించేటప్పుడు లైటు చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు వేసి, డిక్కీ లోపలి నట్లు తీసి, లైటుని నేరుగా వెనక్కి లాగండి. పక్కకి తిప్పితే పక్క పిన్నులు విరుగుతాయి. కొత్తదాని స్టడ్లు (నట్లు ఎక్కే మరలు) ప్లాస్టిక్‌లో పొదిగినవి, నట్లని చేత్తో సమానంగా బిగించి, పానాతో కొద్దిగా మాత్రమే తిప్పండి. అన్నిటికంటే ముఖ్యం రబ్బరు గ్యాస్కెట్. చవక సెట్లలో అది పల్చగా ఉంటుంది, వైరు వెళ్లే రంధ్రం చుట్టూ ఖాళీ వదిలేస్తుంది. లోపల ఒకరు టార్చితో కూర్చోగా బయట అయిదు నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టి చూడండి. ఆ దారిన వచ్చిన నీరు స్టెప్నీ గుంటలో చేరుతుంది, కార్పెట్ కింద కాబట్టి తుప్పు పట్టేదాకా తెలియదు. అద్దం లోపల పల్చటి ఆవిరి పట్టి కాసేపు లైటు వేస్తే పోతే అది మామూలే. బొట్లుగా కారినా, అడుగున నిలిచినా అతుకు తెగిందని అర్థం.

వెనక్కి పంపేటప్పుడు "పనిచేయట్లేదు" అని రాయకండి. వాళ్లు పరీక్షిస్తే వెలుగుతుంది, మీ మాట తేలిపోతుంది. "పార్కింగ్‌కీ బ్రేకుకీ తేడా లేదు, రిఫ్లెక్టర్ లేదు, అద్దం మీద ఆమోదపు అక్షరాలు లేవు, గ్యాస్కెట్ గుండా నీళ్లు వస్తున్నాయి", వీటిలో ఏది నిజమైతే అది రాసి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి తీసిన ఆ రెండు ఫోటోలు జతచేయండి.