పెట్టె మీద 4800, నా వాడకంలో 600

ఈ ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొని ఏడేళ్లయింది. యూఎస్‌బీ తీగ కలిపితే చాలు, వేరే కరెంటు అక్కర్లేని పలుచటి రకం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 4800 డీపీఐ అని ఉంది, అంటే అంగుళానికి 4800 చుక్కలు. ఆ అంకె చూసే కొన్నాను. ఇన్నేళ్లలో ఆ 4800 వాడింది ఒక్కసారే, అదీ కొన్న రోజున. పోస్టుకార్డు సైజు పెళ్లి ఫొటో పెట్టి, టీ కాచుకుని తాగి వచ్చినా స్కానింగు సగం కూడా కాలేదు. తరువాత లెక్క వేస్తే తెలిసింది: 4×6 అంగుళాల బొమ్మకు 55 కోట్ల పిక్సెళ్లు, కుదించకుండా దాచితే ఒకటిన్నర జీబీ పైమాటే!

అసలు పాఠం తాతయ్య ఫొటోతో వచ్చింది. సంవత్సరీకానికి గోడకు పటం కట్టించాలి. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటో. అచ్చుకు 300 చాలని విని, 300లోనే స్కాన్ చేసి 8×10 వేయించాను. మీసం, కనుబొమలు అలికినట్టు వచ్చాయి. ఆ 300 అచ్చయిన కాగితం మీద అంగుళానికి ఉండవలసిన లెక్క. 35 మిల్లీమీటర్ల వెడల్పు ఫొటోను 300లో తీస్తే అడ్డంగా వచ్చేవి 413 పిక్సెళ్లు; వాటిని ఎనిమిది అంగుళాలకు పరిస్తే అంగుళానికి యాభై మిగులుతాయి. మళ్లీ 1200లో తీశాను, అంగుళానికి 200 పైన దక్కాయి. గోడ మీది పటాన్ని ముక్కు ఆనించి ఎవరూ చూడరు కాబట్టి సరిపోయింది. ఆశ చావక 2400 కూడా ప్రయత్నించాను. తాతయ్య ముఖంలో కొత్తగా ఏమీ కనిపించలేదు కానీ, కాగితం మీది గీతలు, ఎవరిదో వేలిముద్ర మాత్రం చక్కగా తేలాయి.

అప్పటినుంచి ఫొటోను ఎన్ని రెట్లు పెంచాలో అన్ని 300లు పెడుతున్నాను. అదే సైజుకు 300, రెట్టింపుకు 600. ఆల్బములన్నీ మాత్రం 600లోనే తీశాను. ఈరోజు చిన్నది చాలన్న అక్క రేపు పెద్దది అడగదని నమ్మకమేమిటి? 4×6 ఫొటో కుదించని టిఫ్ ఫైలుగా 26 ఎంబీ అవుతుంది, భరించవచ్చు. వెలిసిన నలుపు తెలుపు ఫొటోలనూ రంగులోనే స్కాన్ చేస్తాను, మరకలు సరిదిద్దడం తేలిక.

ఈ రకం స్కానర్‌తో ఒక ఇబ్బంది ఉంది. వంగిన ఫొటోలో గాజుకు ఆనని చోటల్లా మసకబారుతుంది, డీపీఐ ఎంత పెంచినా అంతే. మూత మీద రెండు లావుపాటి నిఘంటువులు పెడుతుంటాను.

ఇక నెగటివ్‌లు. 36 మిల్లీమీటర్ల ఫిల్ము ముక్కను 12 అంగుళాల అచ్చుగా పెంచాలంటే ఎనిమిది రెట్లు దాటుతుంది, 2400 పైన కావాలి. పెద్ద అంకెలకు నిజంగా పని పడేది అక్కడే. ఫిల్ము వెనక నుంచి వెలిగే దీపం నా స్కానర్‌కు లేదు. అటక మీది నెగటివ్‌ల డబ్బాను స్టూడియోకే ఇచ్చాను.