తమ్ముడు చేసిన యుద్ధం నాకు రాలేదు: ‘ది విచర్ 2’ రివ్యూ

“అక్కా, గోడ మీద యుద్ధం ఎలా ఉంది?” అని తమ్ముడు ఫోన్‌లో అడిగాడు. “ఏ గోడరా?” అన్నాను. ఇద్దరం ఆడుతున్నది ఒకే గేమ్, ఇద్దరం రెండో అధ్యాయం పూర్తిచేశాం. నేను మాత్రం ఆ గోడ ఎక్కనే లేదు.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2011లో తెచ్చిన గేమ్ ఇది. మొదటి అధ్యాయం చివర్లో హీరో గెరాల్ట్ రోష్ అనే సైనికాధికారి వెంట వెళ్లాలి, లేదంటే మనుషుల మీద తిరగబడిన ఎల్ఫ్ జాతివాడు ఐయోర్వెత్ వెంట వెళ్లాలి. నేను రోష్‌తో వెళ్లి హెన్సెల్ట్ రాజు శిబిరంలో దిగాను. తమ్ముడు ఐయోర్వెత్‌తో వెళ్లి, అదే రాజు ఆక్రమించాలని చూస్తున్న వెర్గెన్ అనే ఊరికి చేరాడు. ముట్టడి జరిగినప్పుడు వాడు ఊరి పక్షాన గోడ మీద నిలబడ్డాడు. నేను చూసిన కుట్రలు వాడికి తెలియవు, వాడి స్నేహితులు నాకు తెలియరు.

అంతకుముందు నేను కొన్న ఒక ఆర్‌పీజీలో (మనమే ఒక పాత్రగా మారి ఆడే గేమ్) ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఉండేవి. అనుమానమొచ్చి సేవ్ మళ్లీ లోడ్ చేసి నాలుగూ నొక్కి చూశాను. నాలుగింటికీ అదే మాట బదులొచ్చింది! ఆ రోజు నిజంగా బాధేసింది.

ఇక్కడ చిన్న ఎంపిక కూడా గుర్తుంటుంది. ఆరంభంలో ఏరియన్ అనే కుర్ర ప్రభువును మాటలతో లొంగదీయొచ్చు, కత్తితో చంపనూ వచ్చు. నేను మాట్లాడి ఒప్పించాను. తర్వాత చెరసాలలోంచి పారిపోతుంటే అతనే ఎదురై సాయం చేశాడు. తమ్ముడు అతన్ని చంపేశాడు, అదే చెరసాలలో వాడికి అతని తల్లి కనిపించింది. “ఆవిడ ముఖం చూడలేకపోయానక్కా” అన్నాడు.

అలాగని ఇది ఓపెన్ వరల్డ్ కాదు. అధ్యాయం తర్వాత అధ్యాయం, వెనక్కి పోవడానికి లేదు. పెద్ద మ్యాప్ కావాలనుకునేవాళ్లకు ఇరుకుగా ఉంటుంది. నాకైతే ఆ లోటు తెలియలేదు. ఒక్కసారే ఆడేవాళ్లకు ఎప్పటికీ కనపడదని తెలిసి కూడా రెండో దారిని అంత శ్రద్ధగా కట్టారు. ఈ గేమంటే నాకున్న గౌరవమంతా అందుకే.

ఫైటింగ్ మొదట్లో కష్టం. వెనక నుంచి తగిలే దెబ్బ చాలా గట్టిది, గుంపులోకి దిగేముందు క్వెన్ అనే మంత్ర కవచం వేసుకోండి.

ఈ ఆదివారం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఐయోర్వెత్ చేతికి కత్తి ఇచ్చాను.