మెగాడెత్‌ని ఇన్నేళ్లు విన్నాక నా మాట

2007లో ఇంటర్‌లో చేరిన కొత్తల్లో కోఠి ఫుట్‌పాత్ మీద ఒక ఎంపీత్రీ సీడీ కొన్నా, అందులో మెగాడెత్ అనే అమెరికన్ మెటల్ బ్యాండ్ ఆల్బమ్స్ అన్నీ వరసా పాడూ లేకుండా కలిపేసి ఉన్నాయి. ఏది ఎప్పటిదో తెలీకుండానే నెలల తరబడి విన్నా. ఒక పాటలో గిటార్ ఒకలా, ఇంకోదాంట్లో పూర్తిగా వేరేలా, గొంతు మాత్రం అదే, పళ్లు బిగబట్టి పాడే డేవ్ మస్టేన్ గొంతు. బ్యాండ్‌లో మనుషులు మారుతున్నారని ముందు చెవులకే తెలిసింది, పేర్లు తర్వాత నేర్చుకున్నా.

1983లో మెటాలికా అనే ఇంకో మెటల్ బ్యాండ్ వాళ్లు బయటికి పంపేస్తే ఆ కసితో మస్టేన్ లాస్ ఏంజెలెస్‌లో బేస్ గిటార్ వాయించే డేవిడ్ ఎలెఫ్సన్‌ని కలుపుకుని పెట్టిన బ్యాండ్ ఇది. మస్టేన్ ఉంటే చాలు, మిగతావాళ్లు ఎవరైనా ఒకటే అంటారు చూడండి, అది నేను అస్సలు ఒప్పుకోను. మొదటి రెండు ఆల్బమ్స్‌లో గిటారిస్ట్ క్రిస్ పోలండ్, డ్రమ్మర్ గార్ శామ్యూల్సన్ ఇద్దరూ జాజ్ నుంచి వచ్చినోళ్లు, అందుకే 1986 పీస్ సెల్స్ ఆల్బమ్‌లో అంత స్పీడ్‌లో కూడా డ్రమ్స్ ఊగుతూ ఉంటాయి. వాళ్లు వెళ్లిపోయాక 1988లో వచ్చిన ఆల్బమ్‌లో ఆ ఊపు లేదు.

ఇక 1990 ఆల్బమ్ రస్ట్ ఇన్ పీస్. గిటార్‌కి మార్టీ ఫ్రీడ్‌మన్, డ్రమ్స్‌కి నిక్ మెంజా వచ్చారు. అందులో టొర్నేడో ఆఫ్ సోల్స్ పాటలో మార్టీ గిటార్ సోలో ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు. వీడియోల్లో మార్టీ కుడిచెయ్యి గమనించండి, అందరిలా అరచెయ్యి తీగల మీద ఆనించడు, మణికట్టు వంచి గాల్లోనే పెట్టి వాయిస్తాడు. స్వరాన్ని తిన్నగా పట్టుకోడు, కింద నుంచి లాగి పైకి తెస్తాడు, చిన్నప్పటి నుంచి వీణ మీద గమకాలు విన్న చెవికి అది పరాయిగా అనిపించలేదు, ఈ బ్యాండ్ నాకింత దగ్గరైంది దానివల్లే.

కొనేవాళ్లకి ఒక మాట, రస్ట్ ఇన్ పీస్‌ని 2004లో రీమిక్స్ చేసి వదిలిన వెర్షన్‌లో పాత టేపులు దొరక్క కొన్నిచోట్ల మస్టేన్ మళ్లీ పాడాడు, అతుకు తెలిసిపోతుంది. పాత సీడీ దొరికితే అదే తీసుకోండి.

1998లో మెంజా, 2000లో మార్టీ వెళ్లిపోయారు. మధ్యలో వచ్చిన రిస్క్ ఆల్బమ్ ఎన్నిసార్లు ట్రై చేసినా నాకెక్కలేదు. 2002లో చేతి నరం దెబ్బతిని మస్టేన్ బ్యాండే ఆపేశాడు, 2004లో మళ్లీ మొదలెట్టాడు. 2008 మార్చిలో బెంగళూరు వచ్చారు, నాకేమో పరీక్షల టైమ్, ఇంట్లో అడగను కూడా అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

2016 డిస్టోపియా మాత్రం కచ్చితంగా వినాలి, బ్రెజిల్ గిటారిస్ట్ కీకో లోరేరో వచ్చాక బ్యాండ్‌కి మళ్లీ ప్రాణం వచ్చింది, అందులో అదే పేరున్న పాటకి గ్రామీ కూడా వచ్చింది. అదే ఏడాది మెంజా స్టేజ్ మీద డ్రమ్స్ వాయిస్తూనే పోయాడు, 51 ఏళ్లకే. ఆ రోజు రస్ట్ ఇన్ పీస్ మొత్తం డ్రమ్స్ కోసమే విన్నా. 2021లో ఎలెఫ్సన్‌ని తీసేసి, తర్వాతి ఆల్బమ్‌కి అతను అప్పటికే వాయించిన బేస్ అంతా ఇంకొకరితో మళ్లీ వాయించారు, అది నాకు మింగుడు పడలేదు.

2025లో ఇదే ఆఖరి ఆల్బమ్, ఆఖరి టూర్ అని చెప్పేశారు. ఆ వార్త చదివిన రాత్రి నేను పెట్టుకున్నది మాత్రం 2023 ఫిబ్రవరి టోక్యో బుడోకాన్ షో. మార్టీ గెస్ట్‌గా వచ్చి అదే టొర్నేడో ఆఫ్ సోల్స్ సోలో వాయించాడు, పక్కన మస్టేన్ జుట్టు నెరిసిపోయి ఉన్నాడు, మార్టీ మణికట్టు మాత్రం అలాగే వంగి ఉంది.