ఛేంజ్ ఆర్డర్లను ఏపీఐ ద్వారా సృష్టించడం: ఏడాదిన్నర వాడకం తర్వాత ఒక సమీక్ష

నిర్మాణ కాంట్రాక్టుల నిర్వహణకు మా సంస్థ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఛేంజ్ ఆర్డర్లను తెర మీద ఒక్కొక్కటిగా ఎక్కించే పద్ధతి మానేసి, దాని ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ మరొకదానితో నేరుగా మాట్లాడే మార్గం) ద్వారా మా లెక్కల వ్యవస్థ నుంచి నేరుగా పంపడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఒప్పందం ఇంకా నడుస్తున్నందువల్ల ఆ సాఫ్ట్‌వేర్ పేరు రాయడం లేదు. రికార్డును సృష్టించడం వరకు ఈ ఏపీఐకి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అయితే ఆ రికార్డు వెనుక సంతకాలతో కూడిన ఒప్పందం ఒకటి ఉందన్న సంగతి దానికి కొన్ని చోట్ల గుర్తుంటుంది, కొన్ని చోట్ల ఉండదు. మాకు ఎదురైన చిక్కులన్నీ ఆ గుర్తులేని చోట్లనే వచ్చాయి.

పని పరిమాణం, కాంట్రాక్టు మొత్తం, గడువు, ఈ మూడింటిలో ఏది మారినా యజమానీ కాంట్రాక్టరూ ఒప్పుకుని రాసుకునే సవరణ పత్రమే ఛేంజ్ ఆర్డర్. సలహా ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిడిక్ నమూనా ఒప్పందాలలో ఇటువంటి మార్పును వేరియేషన్ అంటారు. అమెరికాలో వాడుకలో ఉన్న ఏఐఏ (అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ) జీ701 పత్రాన్ని చూసినవారికి దీని స్వభావం వెంటనే తెలుస్తుంది. అందులో మొదటి కాంట్రాక్టు మొత్తం, ఇంతకుముందు ఆమోదం పొందిన ఛేంజ్ ఆర్డర్ల నికర మొత్తం, ఈ ఆర్డరుకు ముందు నిలిచిన మొత్తం, దీనివల్ల పెరిగేది లేదా తగ్గేది, చివరకు తేలిన కొత్త మొత్తం వరుసగా ఉంటాయి. కింద ఆర్కిటెక్టు, కాంట్రాక్టరు, యజమాని సంతకాలు చేస్తారు. ముందున్న ఆర్డర్ల లెక్క తేలకపోతే వెనక వచ్చేదాని లెక్క తేలదు. ఈ ఏపీఐ ఆ విషయాన్ని సరిగా పట్టుకుంది. ముందటి మొత్తం, కొత్త మొత్తం అన్నవి మనం పంపే అంకెలు కావు. ఆమోదించిన రికార్డుల నుంచి సర్వరే లెక్క కట్టి జవాబులో చూపిస్తుంది.

పంపవలసిన వివరాలు ఎక్కువేమీ ఉండవు. కాంట్రాక్టు గుర్తింపు సంఖ్య, శీర్షిక, మార్పుకు కారణం, స్టేటస్, పొడిగించే రోజులు, వాటి కింద లైన్ ఐటమ్‌లు. ఒక్కో లైనుకు బడ్జెట్ కోడ్, వివరణ, పరిమాణం, యూనిట్, రేటు. ఇదంతా ఒకే జేసన్‌గా (వివరాలను పేరు, విలువ జతలుగా రాసే రూపం), సర్వరును కొత్త రికార్డు చేయమని అడిగే ఒకే పోస్ట్ అభ్యర్థనలో వెళ్తుంది. పది లైన్లలో ఒక్కదాని బడ్జెట్ కోడ్ తప్పినా రికార్డు మొత్తాన్నీ తిరస్కరించి, తప్పు ఏడో లైనులో ఉందని 422 (పంపిన వివరాలు చెల్లవు) అన్న కోడ్‌తో స్పష్టంగా చెబుతుంది. ఇంతకుముందు మేము వాడి వదిలేసిన మరొక సాఫ్ట్‌వేర్‌లో రికార్డును ముందు సృష్టించి, లైన్లను విడివిడిగా పంపవలసి వచ్చేది. మధ్యలో ఒకటి విఫలమైతే సగం లైన్లతో నిలిచిపోయిన ఛేంజ్ ఆర్డర్‌ను వెతికి సరిచేయడం ఒక పూట పని. ఆ అవస్థ పడినవారికి ఈ ఒక్క సౌకర్యం విలువ ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. పంపుల గది గోడను జరపడానికి సంబంధించిన 14వ ఛేంజ్ ఆర్డర్‌ను మా ప్రోగ్రామ్ ఒక రాత్రి పంపింది. 30 సెకన్లు వేచి చూసినా జవాబు రాలేదు కనుక మళ్లీ పంపింది. నిజానికి మొదటి అభ్యర్థన సర్వరుకు చేరింది, రికార్డు కూడా తయారైంది; దారిలో తప్పిపోయింది జవాబు మాత్రమే. ఆర్డరు సంఖ్యను సర్వరే కేటాయిస్తుంది కనుక రెండో అభ్యర్థనకు 15 అన్న సంఖ్య వచ్చింది, చూసేవారికి అది వేరే ఆర్డరులాగే కనిపించింది. ఒకటి వస్తువుల ఖర్చుకు, మరొకటి కూలికి అనుకుని ఆమోదించవలసిన అధికారి రెండింటినీ ఆమోదించారు. నెలాఖరు బిల్లులో, పనుల వారీ విలువల పట్టిక అయిన షెడ్యూల్ ఆఫ్ వాల్యూస్‌లో, ఒకే గోడ రెండు వరుసల్లో కనిపించేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

మళ్లీ పంపిన మా ప్రోగ్రామ్‌ది కూడా తప్పేనని ఒప్పుకుంటాను. వెబ్ అభ్యర్థనల నియమావళి అయిన హెచ్‌టీటీపీ ప్రమాణం ప్రకారం పుట్ (పంపిన రూపాన్ని ఉంచడం), డిలీట్ (తొలగించడం) అభ్యర్థనలను ఎన్నిసార్లు పంపినా సర్వరు మీద ఉద్దేశించిన ప్రభావం ఒక్కసారి పంపినట్లే ఉండాలి. పోస్ట్‌కు అటువంటి హామీ లేదు. 2022లో వెలువడిన ఆ ప్రమాణ పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 9110, ఈ సంగతిని స్పష్టంగా చెబుతుంది. అందుకే డబ్బుతో వ్యవహరించే ఏపీఐలు చాలావరకు ప్రతి పోస్ట్‌తోనూ ఒక విశిష్టమైన తాళం విలువను తీసుకుని, అదే విలువ రెండోసారి వస్తే కొత్త రికార్డు చేయకుండా మొదటి జవాబునే తిరిగి ఇస్తాయి. కాంట్రాక్టు మొత్తాన్ని మార్చగలిగిన ఈ ఏపీఐలో ఆ ఏర్పాటు లేకపోవడం నా దృష్టిలో క్షమించరాని లోపం.

బయటి వ్యవస్థ సంఖ్యను రాసుకోవడానికి ఒక ఫీల్డ్ మాత్రం ఉంది. అందులో మా లెక్కల వ్యవస్థ సంఖ్యను పంపి, జవాబు రాని ప్రతిసారీ మళ్లీ పంపే ముందు ఆ సంఖ్యతో వెతకడం మొదలుపెట్టాము. వెతుకులాటకు కొత్త రికార్డు చిక్కడానికి కొన్ని సెకన్లు పడుతుందని తర్వాత తెలిసింది, కాబట్టి ఇప్పుడు ఒక నిమిషం ఆగి వెతుకుతున్నాము. ఆ ఫీల్డ్ విలువ ఒకే కాంట్రాక్టులో రెండుసార్లు రాకూడదన్న నియమం పెట్టి, వస్తే 409 (ఉన్నదానితో పొసగదు) కోడ్‌తో తిప్పికొట్టినా ఈ గొడవంతా ఉండేది కాదు.

స్టేటస్ విషయంలో మంచీ చెడూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమోదం పొందిన రికార్డులో లైన్లను మార్చనివ్వదు, తొలగించనివ్వదు. తప్పు దొర్లితే దాన్ని రద్దుగా గుర్తించి మరొక ఆర్డరు వేయవలసిందే. మా ఇంజినీర్లు దీని మీద సణుగుతారు కానీ, సంతకం చేసిన కాగితాన్ని కొట్టివేసి దిద్దుకోవడాన్ని ఎవరూ ఒప్పుకోరు కదా, ఇదీ అంతే. ఇంత పట్టింపు ఉన్న సాఫ్ట్‌వేర్, ఏపీఐ నుంచి వచ్చే కొత్త రికార్డును నేరుగా ఆమోదిత స్టేటస్‌తో సృష్టించనిస్తుంది! జతపరచిన సంతకపు పత్రం ఉందా, పంపిన టోకెన్‌కు (ఏపీఐని వాడేవారి డిజిటల్ అనుమతి చీటీకి) ఆమోదించే అధికారం ఉందా అని చూడదు. తెర మీద ఆమోదించే బొత్తాం కూడా కనిపించని ఉద్యోగి, రాసే అనుమతి ఉన్న టోకెన్ చేతికి వస్తే ఆ పని చేసేయగలడు. మేము మా ప్రోగ్రామ్‌లో డ్రాఫ్ట్ తప్ప మరే స్టేటస్‌నూ పంపకుండా కట్టడి చేసుకున్నాము. కొత్తగా వాడబోయేవారు మొదటి రోజే ఈ పని చేసుకోవాలి.

సొమ్మును దశాంశ సంఖ్యగా కాక అక్షరాల వరుసగా పంపమని అడగడం మంచి నిర్ణయం. ద్వియాంశ పద్ధతిలో 0.1కి 0.2 కలిపితే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.30000000000000004 వస్తుందన్నది ఈ పని చేసేవారికి తెలిసినదే. అయితే మార్కప్‌ను (ఖర్చు మీద కలిపే శాతాన్ని) గుండ్రం చేసే పద్ధతిని డాక్యుమెంటేషన్‌లో ఎక్కడా రాయలేదు. 860.50, 1,240.90, 2,310.10 అన్న మూడు లైన్ల మీద 7.5 శాతం మార్కప్ తీసుకుందాం. లైను వారీగా లెక్కించి గుండ్రం చేస్తే 64.54, 93.07, 173.26, కూడితే 330.87. మూడు లైన్ల మొత్తం 4,411.50 మీద ఒకేసారి లెక్కిస్తే 330.86. మా లెక్కల వ్యవస్థ మొదటి దారిలో, ఈ సాఫ్ట్‌వేర్ రెండో దారిలో నడుస్తాయి. తేడా 0.01 మాత్రమే అయినా రెండు పుస్తకాలు సరిపోలలేదని ఆడిటర్ అడిగినప్పుడు అది చిన్న అంకె అని జవాబు చెప్పలేము. ఇప్పుడు మార్కప్‌ను మేమే లెక్కించి దాన్ని విడి లైనుగా పంపుతున్నాము.

గడువు మాత్రమే పెంచి సొమ్ము మార్చని ఆర్డర్లు కూడా ఉంటాయని దీన్ని రూపొందించినవారికి తట్టినట్టు లేదు. కనీసం ఒక లైను లేనిదే రికార్డు తీసుకోదు కాబట్టి సున్నా విలువతో ఒక లైను పెట్టవలసి వస్తోంది. సంతకం తేదీ సంగతి ఇంకా విచిత్రం. తేదీ ఒక్కటే సరిపోయే చోట తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 పద్ధతిలో సమయంతో సహా అడిగి, యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయంలోకి) మార్చి దాచుకుంటుంది. యూటీసీ కంటే ముందుండే కాలమండలంలో అర్ధరాత్రి సమయంగా పంపితే, నివేదికలో ముందు రోజు తేదీ పడుతుంది. మధ్యాహ్నం 12 గంటలు అని పంపడం మేము కనిపెట్టిన మొరటు ఉపాయం.

మిగతావాటిలో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. ఓఆత్ 2.0 (అనుమతులిచ్చే ప్రామాణిక పద్ధతి) టోకెన్లు సాఫీగా పునరుద్ధరణ అవుతాయి, అభ్యర్థనల పరిమితి మించితే 429 కోడ్‌తో పాటు ఎంతసేపు ఆగాలో కూడా చెబుతుంది, పరీక్షలకు ఇచ్చే శాండ్‌బాక్స్ అసలు వ్యవస్థకు నిజంగా నకలులాగే ఉంటుంది.

నెలకు నాలుగైదు ఛేంజ్ ఆర్డర్లకు మించని సంస్థలు దీని జోలికి పోనక్కరలేదు, తెర మీదనే ఎక్కించుకోవడం తక్కువ శ్రమ. సబ్ కాంట్రాక్టులతో కలిపి వందల్లో నడిచేవారు తీసుకోవచ్చు, కానీ మళ్లీ పంపడం, స్టేటస్, మార్కప్, తేదీ అనే నాలుగింటికీ తమ వైపు కాపలా రాసుకునే ప్రోగ్రామర్ ఉంటేనే. మాకు ఆ కాపలా రాయడానికి, ఏపీఐని కలపడానికి పట్టిన కాలానికి దాదాపు రెట్టింపు పట్టింది. తాళం విలువ ఏర్పాటు గురించి రెండుసార్లు రాసినప్పుడు, సూచనను నమోదు చేసుకున్నామని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.